అట్టిపెట్టుకున్న ఒక్క వాక్యం

"చేప దొరికిందా?" అని అడిగాడు నాన్న.

మాకు శనివారం రాత్రి ఎనిమిది. ఎస్.ఆర్. నగర్‌లో ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర. నాన్న బల్కంపేట ఎల్లమ్మ గుడికి నడిచి వెళ్ళొచ్చి, కాఫీ తాగి, నా ఫోను కోసం కూర్చునే వేళ.

"ఏడు దొరికాయి నాన్నా. అమ్మాయికి నాలుగు, నాకు మూడు."

"కూర వండుకున్నారా, వేపుడా?"

"తేలేదు. అన్నీ నీళ్ళలోకే వదిలేశాం."

కాసేపు అవతల మాట లేదు. నాన్నది బొబ్బర్లంక వైపు పల్లె. ధవళేశ్వరం ఆనకట్ట చప్పుడు వింటూ పెరిగినవాడు. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఎస్.ఆర్. నగర్‌లో స్థిరపడి నలభై ఏళ్ళు దాటినా, శ్రావణమాసం వస్తే పులస ధర కనుక్కోకుండా ఉండలేడు. "గైడుకి, పడవకి అంత డబ్బు కట్టి, పట్టి, వదిలేశారా? మరి పట్టడం ఎందుకురా?" అన్నాడు. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని.

ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను, నాన్న కోసమూ, ఇవాళ మైత్రీవనం చుట్టూ కోచింగులు తీసుకుంటూ రేపు అమెరికాకి రాబోయేవాళ్ళ కోసమూ. ఇరవై ఏళ్ళ కింద నేనూ ఆ సందుల్లోనే ఒక హాస్టల్లో ఉండి ఇక్కడి సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఇక్కడి చరిత్ర మాత్రం ఎవరూ చెప్పలేదు. దానిలో కొంత భాగం, చేపలు పట్టడానికి వెళ్ళిన ఆ ఒక్కరోజు నది మీద నేర్చుకున్నాను.

సియాటిల్ నుంచి తూర్పుకి ఐ-90 రోడ్డు ఎక్కి స్నోక్వాల్మీ కనుమ దాటితే, కుడిపక్కన కీచెలస్ అనే సరస్సు వస్తుంది. మా ప్రయాణం అక్టోబరులో. సరస్సు అడుగంటి ఉంది. బురదలో వేల చెట్ల మొదళ్ళు, నరికిన చోట నరికినట్టే, నల్లగా నిలబడి ఉన్నాయి. మా అమ్మాయి అది చూసి "ఇక్కడ మంటలొచ్చాయా?" అంది. మంటలు కాదు. అది మొదట సహజంగా ఏర్పడిన చిన్న సరస్సు. 1917లో కింద ఆనకట్ట పూర్తి చేసి దాన్ని జలాశయం చేశారు. ఏటా వేసవంతా నీళ్ళు పొలాలకి వదిలాక, శరత్కాలంలో ఆ మొదళ్ళు బయటపడతాయి. శ్రీశైలం నీరు తగ్గినప్పుడు కృష్ణలోంచి సంగమేశ్వరం గుడి పైకి తేలడం చూసినవాళ్ళకి ఆ దృశ్యం కొత్త కాదు. యాకిమా నది పుట్టేది ఆ సరస్సులోనే. అక్కడి నుంచి సుమారు 345 కిలోమీటర్లు పారి రిచ్‌లాండ్ దగ్గర కొలంబియా నదిలో కలుస్తుంది.

మేం పడవెక్కింది ఎలెన్స్‌బర్గ్ ఊరు దాటాక, నది లోయలోకి దిగేచోట. రెండు పక్కలా నిలువుగా నల్లరాతి గోడలు. మన వికారాబాద్ వైపు కనిపించే దక్కన్ రాయి లాగే ఇదీ లావా చల్లారి గట్టిపడ్డ రాయి, కాకపోతే దానికంటే వయసులో బాగా చిన్నది, కోటిన్నర ఏళ్ళ పైచిలుకు. ఒక ఒడ్డున రోడ్డు, రెండో ఒడ్డున గూడ్సు రైళ్ళు. కాటన్‌వుడ్ చెట్లు పసుపు రాసుకున్నట్టున్నాయి. మా గైడు యాభై దాటిన స్థానికురాలు. పడవ మధ్యలో కూర్చుని తెడ్లు వేస్తుంది. ముందు ఒకరు, వెనక ఒకరు నిలబడి గాలం వెయ్యాలి. దీన్ని డ్రిఫ్ట్ బోట్ అంటారు. మోటారు ఉండదు. నది ఎటు తీసుకెళ్తే అటు వెళ్తూ, ఆగాల్సినచోట తెడ్లతో నదికి ఎదురు నిలుస్తుంది.

పొద్దున్న మొదటి గంట మమ్మల్ని గాలం ముట్టుకోనివ్వలేదామె. ఒడ్డున ఒక రాయి తిరగేసి చూపించింది. అడుగున ఇసుక రేణువులు, పుల్లముక్కలు అతికించి కట్టుకున్న చిన్న గొట్టాలు. ఒక్కో గొట్టంలో ఒక్కో పురుగు. దాని పేరు క్యాడిస్. ఏడాదిలో ఎక్కువ కాలం నీటి అడుగునే ఉండి, పెద్దదయ్యాక రెక్కలు వచ్చి పైకి లేస్తుంది. అక్టోబరులో లేచేది పెద్దది, ఒళ్ళు నారింజరంగులో ఉంటుంది. ట్రౌట్ చేప తినేది దాన్ని. అందుకని మా గాలానికి కట్టింది కూడా నారింజరంగు దారం, జింకజాతి వెంట్రుకలు చుట్టి చేసిన బొమ్మపురుగు. ఫ్లై ఫిషింగ్ అంటే అదే, ఈగ బొమ్మతో చేపని పిలవడం.

మామూలు గాలానికి సీసం బరువు ఉంటుంది, ఆ బరువే దారాన్ని దూరం లాక్కుపోతుంది. ఇక్కడ ఈగకి బరువే లేదు. బరువంతా దారానిది. కర్ర వెనక్కి ఎత్తాక, దారం వెనకాల గాలిలో పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. ఆగితేనే ముందుకు వెళ్తుంది. నేను తొందరపడ్డ ప్రతిసారీ కాళ్ళ దగ్గర చుట్టలా పడింది. మా అమ్మాయి ఆగగలిగింది, అందుకే దానికి నాలుగు దొరికాయి. ఈగ నీళ్ళ మీద పడ్డాక దారం దాన్ని లాగకూడదు. నీటితోపాటు, నీటి వేగంతోనే తేలాలి. కొంచెం ఈడ్చినా చేపకి తెలిసిపోతుంది. వేగంగా పోయే నీటికీ నెమ్మదిగా తిరిగే నీటికీ నడుమ ఒక గీత ఉంటుంది. ట్రౌట్ ఆ గీత పక్కన, ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి, కష్టపడకుండా నిలబడి, పక్కనుంచి పోయే తిండిని అందుకుంటుంది. ఆ గీతలు చూడడం వస్తే నదిని చదవడం వచ్చినట్టే అంది ఆమె.

బయల్దేరే ముందు ఆమె నా లైసెన్సు అడిగింది. వాషింగ్టన్ రాష్ట్రంలో పదిహేనేళ్ళు నిండిన ఎవరైనా చేపలు పట్టాలంటే డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. మా అమ్మాయికి పదమూడు, దానికి అక్కర్లేదు. "ఇక్కడ లైసెన్సు అక్కర్లేనివాళ్ళు ఇంకెవరో మీకు తెలుసా?" అని అడిగిందామె. నాకు తెలీదు. మా అమ్మాయికి తెలుసు. ఈ రాష్ట్రంలో బడిపిల్లలకి ఇక్కడి మూలవాసుల చరిత్ర, వాళ్ళ ప్రభుత్వాల గురించి పాఠంగా చెప్పాలని 2015లో చట్టం చేశారు. "యాకమా వాళ్ళు. వాళ్ళకి ఒప్పందం ఉంది" అంది.

మన చిన్నప్పటి పుస్తకాల్లో వాళ్ళని 'రెడ్ ఇండియన్లు' అని రాసేవారు. ఆ మాట ఇప్పుడిక్కడ ఎవరూ అనరు, మనమూ మానెయ్యాలి. వాళ్ళలో ఒక్కో తెగకీ ఒక్కో పేరుంది. ఈ నది లోయ వాళ్ళు యాకమా. నది పేరు మాత్రం పాత వర్ణక్రమంలో యాకిమాగానే ఉండిపోయింది.

1855 మే నెలాఖరున వల్లా వల్లా లోయలో ఒక పెద్ద సభ జరిగింది. వాషింగ్టన్ ప్రాంతపు గవర్నరు ఐజాక్ స్టీవెన్స్ పిలిచాడు. వేలమంది ఆదివాసులు గుర్రాల మీద వచ్చారు. జూన్ 9న యాకమా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అక్షరాల సంతకాలు తెల్లవాళ్ళవి, ఇంటు గుర్తులు వీళ్ళవి. పద్నాలుగు తెగల్నీ గుంపుల్నీ కలిపి 'యాకమా నేషన్' అని ఒక్క పేరు రాశారు. కామయాకిన్ అనే నాయకుణ్ణి వాళ్ళందరికీ పెద్దగా స్టీవెన్సే నిర్ణయించాడు. వాళ్ళు వదులుకున్న భూమి దాదాపు 1 కోటి 8 లక్షల ఎకరాలు. నేటి తెలంగాణ రాష్ట్రంలో మూడో వంతు కంటే ఎక్కువ. వాళ్ళకి మిగిలింది సుమారు 13 లక్షల ఎకరాలు. దాన్నే రిజర్వేషన్ అంటారు. మన దగ్గర రిజర్వేషన్ అంటే సీట్లు, ఉద్యోగాలు. ఇక్కడ ఆ మాటకి అర్థం భూమి, వదులుకోకుండా అట్టిపెట్టుకున్న భూమి.

భూమితోపాటు ఇంకొకటి కూడా అట్టిపెట్టుకున్నారు. ఒప్పందం మూడో అధికరణంలో ఒక వాక్యం ఉంది. తాము తరతరాలుగా చేపలు పట్టుకునే అలవాటైన చోట్లన్నిటా, వదులుకున్న భూముల్లో కూడా, ఈ ప్రాంతపు పౌరులతో కలిసి పట్టుకునే హక్కు తమదేనని. రాసినవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. అప్పుడు నదిలో ఎవరూ లెక్కపెట్టలేనన్ని సాల్మన్ చేపలు. అందరికీ ఎప్పటికీ సరిపోతాయనుకున్నారు.

సంతకాల తడి ఆరకముందే మాట తప్పారు. అమెరికాలో ఒప్పందం చెల్లాలంటే సెనేట్ ఒప్పుకోవాలి. అది 1859లోగాని జరగలేదు. కానీ స్టీవెన్స్ కొద్ది వారాలకే ఆ భూములు వలసదారులకి తెరిచినట్టు ప్రకటన వేయించాడు. అదే వేసవిలో ఉత్తరాన కొల్విల్ దగ్గర బంగారం దొరికిందని తెలిసి గుంపులు గుంపులుగా ఈ లోయ మీదుగా నడిచారు. ఆ శరత్కాలానికి యుద్ధం మొదలై 1858 దాకా సాగింది. కామయాకిన్ ఓడిపోయాక రిజర్వేషన్‌లో ఉండడానికి ఒప్పుకోలేదు, ప్రభుత్వం ఇస్తానన్న భృతి ముట్టుకోలేదు. అంత నిక్కచ్చి మనిషి గురించి మన తెలుగు పిల్లలు ఒక్క పేరా అయినా చదవాలని నా కోరిక.

ఇక ఆ వాక్యం ఎలా బతికిందన్నదే నన్ను కదిలించిన కథ. కొలంబియా ఒడ్డున వినన్స్ అనే అన్నదమ్ములు భూమి కొని, కంచె వేసి, నీటి వేగానికి తిరుగుతూ చేపల్ని తోడే చక్రాలు పెట్టారు. ఇది మా సొంతం, లోపలికి రావద్దని యాకమా వాళ్ళని ఆపారు. 1905లో సుప్రీంకోర్టు తీర్పు యాకమా వైపు వచ్చింది. ఒప్పందం ద్వారా అమెరికా ఆదివాసులకి ఏదో హక్కు ప్రసాదించలేదు, ఇచ్చినవాళ్ళు ఆదివాసులు, ఇవ్వకుండా మిగుల్చుకున్నదంతా వాళ్ళదే అన్నది ఆ తీర్పు సారం. నేను ఈ దేశపు పౌరసత్వ పరీక్షకి చదివిన ప్రశ్నల్లో ఇంత లోతైన మాట ఎక్కడా కనపడలేదు. మనం 'ప్రభుత్వం భూములిచ్చింది' అని ఎంత సులువుగా అంటాం!

తర్వాత రాష్ట్రం లైసెన్సు దారి పట్టింది. సాంప్సన్ టూలీ అనే యాకమా మనిషి చేతివలతో సాల్మన్ పట్టాడు. లైసెన్సు లేదని శిక్ష వేశారు. ఆయన వాషింగ్టన్ డి.సి. దాకా పోరాడాడు. 1942లో సుప్రీంకోర్టు, చేపల రక్షణ కోసం నియమాలు పెట్టుకోవచ్చు గానీ ఒప్పందపు హక్కుకి రుసుము అడగకూడదంది. నా జేబులో ఉన్న లైసెన్సు కాగితం మీద టూలీ పేరు లేదు. కానీ దాని మీద కట్టిన డాలర్లకి ఆయనకీ సంబంధం ఉందని ఆ పడవలో తెలిసింది.

హక్కు మిగిలింది గానీ చేప మిగలలేదు. 1902లో అమెరికా ప్రభుత్వం ఎండుభూములకి నీళ్ళివ్వడానికి చట్టం చేసింది. 1905లో యాకిమా ప్రాజెక్టు మంజూరైంది. బంపింగ్ 1910లో, కచెస్ 1912లో, కీచెలస్ 1917లో, టైటన్ 1925లో, క్లీ ఎలమ్ 1933లో. నది మొదళ్ళ దగ్గర వరసగా ఐదు జలాశయాలు. వాటి వల్ల 4,60,000 ఎకరాలకి పైగా తడుస్తుంది. మీరు సియాటిల్‌లో కొనే ఆపిల్, చెర్రీ, ఈ దేశపు బీరులో వేసే హాప్స్‌లో అధికభాగం ఆ నీటి పంటే. ఆ రైతుల్ని నేను తప్పుపట్టను. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేయకపోతే మా తాతలకి అన్నం లేదు. కానీ ఈ ఐదింటిలో చేప పైకెక్కడానికి దారి పెట్టలేదు. సాకై అనే ఎర్ర సాల్మన్ పిల్లలు పెరగడానికి సరస్సు కావాలి. సరస్సులన్నీ మూతపడ్డాయి. కొన్నేళ్ళకి యాకిమాలో ఆ జాతే లేకుండా పోయింది.

పులస తినేవాళ్ళకి సాల్మన్‌ని పరిచయం చెయ్యడం తేలిక. సముద్రంలో ఇలస, గోదావరి ఎదురెక్కితే పులస. ఇదీ అంతే, సముద్రంలో పెరిగి గుడ్లకి నదికి వస్తుంది. తేడా ఏమిటంటే ఇది పుట్టిన ఏటికే తిరిగొస్తుంది, గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పసిఫిక్ నుంచి మేం ఉన్న లోయకి 700 కిలోమీటర్లకి పైగా దూరం. దారిలో ఒక్క కొలంబియా మీదే బోనవిల్, ద డాలెస్, జాన్ డే, మెక్‌నరీ, నాలుగు పెద్ద ఆనకట్టల దగ్గర చేపల కోసం కట్టిన నిచ్చెనలెక్కాలి. ద డాలెస్ ఆనకట్ట గేట్లు 1957 మార్చి 10న మూసినప్పుడు, వేల ఏళ్ళుగా ఆదివాసులు చేపలు పట్టిన సెలైలో జలపాతం కొన్ని గంటల్లో మునిగిపోయింది. ఒడ్డున నిలబడి చూశారట వాళ్ళు. శ్రీశైలం కింద ఎన్నో ఊళ్ళు మునిగినప్పుడు మనవాళ్ళూ అలాగే నిలబడి చూశారు.

మధ్యాహ్నం ఒక గులకరాళ్ళ దిబ్బ మీద పడవ ఆపి పులిహోర డబ్బా విప్పాం. ఎదురు కొండ మీద వంకర కొమ్ముల అడవి గొర్రెలు. గైడు నీటిని చూపించి, "ఆగస్టులో ఇక్కడ నిలబడలేరు, నది మీ నడుం దాటేస్తుంది" అంది. ఈ వైపు నదులు చాలావరకు వేసవిలో తగ్గితే, ఈ నది ఎగువ భాగం వేసవిలోనే పొంగుతుంది. జలాశయాల నీళ్ళు దిగువ పొలాలకి పోయేది దీని మీదుగానే. అంటే నది వేషంలో ఉన్న కాలువ. సెప్టెంబరు మొదట్లో ఒక్కసారిగా తగ్గిస్తారు. అప్పటి నుంచి పొలాలకి కావలసింది టైటన్ వైపు నుంచి, నాచెస్ అనే ఉపనది ద్వారా వదులుతారు. రైతులూ ఇంజినీర్లూ దీన్ని 'ఫ్లిప్-ఫ్లాప్' అంటారు.

ఎందుకలా? 1980 శరత్కాలంలో చినూక్ సాల్మన్లు నిండు నదిలో, ఒడ్డు వారగా గుడ్లు పెట్టాయి. సాగు కాలం అయిపోయిందని నీళ్ళు ఆపేస్తే ఆ గూళ్ళన్నీ ఎండిపోయేవి. యాకమా వాళ్ళ పక్షాన విషయం కోర్టుకి వెళ్ళింది. ఫెడరల్ జడ్జి జస్టిన్ క్వాకెన్‌బుష్ గూళ్ళు తడిగా ఉండేలా నీళ్ళు వదలమన్నాడు. ఏటా అలా జలాశయం ఖాళీ చెయ్యలేరు గనక, చేప గుడ్లు పెట్టకముందే నదిని తగ్గించి, అవి నది నడుమనే గూళ్ళు కట్టుకునేలా చేసే పద్ధతి మరుసటి ఏడు నుంచి వచ్చింది. చేప హక్కంటే వల వేసే హక్కు ఒక్కటే కాదు, చేప బతకడానికి నీళ్ళు కూడా అని అర్థమైన రోజది. అంతకు ముందే, 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ ఇంకో మాట తేల్చి ఉన్నాడు. 1855 నాటి ఒప్పందాల్లో 'కలిసి' అన్న మాటకి అర్థం సగం సగం అని. పట్టదగ్గ చేపల్లో సగం దాకా ఆదివాసులది. తెల్ల జాలర్లు ఆ జడ్జి దిష్టిబొమ్మలు ఉరితీశారు. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని నిలబెట్టింది.

సాయంత్రం నాలుగింటికి, ల్మూమా వాగు కలిసేచోటికి కొంచెం ఎగువన, నా ఈగ నీటి గీత మీద తేలుతూ పోతుంటే ఒక మూతి పైకి లేచింది. చప్పుడు లేదు, చిన్న సుడి మాత్రం. కర్ర వంగింది. రెయిన్‌బో ట్రౌట్, మూర కంటే కాస్త తక్కువ. వీపు ఆకుపచ్చ, పక్కన గులాబీరంగు చార, ఒళ్ళంతా నల్లచుక్కలు. గైడు వల నీళ్ళలోనే ఉంచింది. చెయ్యి తడిపి పట్టుకోమంది, పొడిచెయ్యి తగిలితే దాని ఒంటి జిగురు పోయి జబ్బు పడొచ్చు. గాలానికి ముల్లు లేదు, కాస్త వెనక్కి తిప్పగానే ఊడొచ్చింది. రోజా ఆనకట్ట నుంచి ఎగువకి ఈ నదిలో ట్రౌట్‌ని పట్టి వదిలెయ్యాలన్న నియమం 1990 నుంచి ఉంది. చేతుల్లో ఒక్క క్షణం నిలబడి, తోక విదిలించి వెళ్ళిపోయింది. ల్మూమా వాగుకి ఒకప్పుడు మ్యాపుల్లో ఆదివాసీ స్త్రీలని కించపరిచే పేరుండేది. దాన్ని తీసేసి ఈ పేరు పెట్టారు.

నాన్న అడిగిన ప్రశ్నని తీసిపారెయ్యలేను. తిననప్పుడు చేపని గాలంతో బాధపెట్టడం ఆటలాడటమేనని నిలదీసే ఆదివాసులు ఇక్కడ ఉన్నారు. వాళ్ళూ నాన్నా ఒకే మాట అంటున్నారు. ఆ మాటకి విలువిచ్చి నేను ఇకమీదట ఏడాదికి ఒక్కరోజుకే వస్తాననుకున్నాను. కానీ పట్టడం ఎందుకంటే, ఆ నదిలో నిలబడకపోతే నాకు ఇవేవీ తెలిసేవి కావు. మేం ఇల్లు కొన్న ఊరి పేరు సమామిష్, పక్క ఊళ్ళు ఇసక్వా, స్నోక్వాల్మీ. నగరం పేరే సియాటిల్, ఒక ఆదివాసీ నాయకుడి పేరు. ఆయన కూడా 1855 జనవరిలో ఇలాంటి ఒప్పందం మీదే గుర్తు పెట్టాడు. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల్లో నాకు ముందున్న యజమానులున్నారు, ఆయన లేడు.

యాకమా వాళ్ళు 2009లో కొలంబియా మీది ప్రీస్ట్ ర్యాపిడ్స్ ఆనకట్ట దగ్గర సాకై సాల్మన్లని పట్టి, లారీల్లో నీళ్ళు నింపి, క్లీ ఎలమ్ సరస్సుకి తెచ్చి వదలడం మొదలుపెట్టారు. వాటి పిల్లలు సముద్రానికి వెళ్ళి, పెరిగి, మళ్ళీ యాకిమాకి తిరిగొచ్చాయి. ఏడు దశాబ్దాలకి పైగా లేని చేప.

ఇది మాత్రం నాన్నకి ఫోన్లో చెప్పాను. యాకమా వాళ్ళ పొడుగు ఇళ్ళలో విందు జరిగితే, ముందు అందరూ ఒక గుక్క నీళ్ళు తాగుతారు. నీటిని వాళ్ళ భాషలో 'చూష్' అంటారు. తర్వాత సాల్మన్, తర్వాత మిగతావి. చివర మళ్ళీ నీళ్ళే. "మన ఔపోసన లాగే" అన్నాడు నాన్న. ఎల్లమ్మ వెలసిన బావి నీళ్ళు తీర్థంగా తీసుకుని వచ్చిన మనిషికి ఇంకేం వివరించనక్కర్లేకపోయింది.

అమ్మానాన్నల్ని ఇక్కడికి పిలిపించుకునేవాళ్ళకి ఒక విన్నపం. అందరూ తీసుకెళ్ళినట్టే జలపాతాలకి, తులిప్ తోటలకి తీసుకెళ్ళండి. ఒక రోజు మాత్రం కనుమ దాటి టోపెనిష్ ఊరికి వెళ్ళండి. అక్కడ యాకమా వాళ్ళు తామే నడుపుకునే మ్యూజియం ఉంది, వాళ్ళ కథ వాళ్ళ మాటల్లోనే ఉంటుంది. ఎలెన్స్‌బర్గ్ నుంచి గంట ప్రయాణం.